తునికాకు వేళలు

ఆరోగ్యానికి తీరిక కావాలన్న నమ్మకం పట్టణాల్లో బలంగా ఉన్నా, భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం అడవి అంచుల్లో వేసవి వేళ తునికాకు, అంటే బీడీలు చుట్టే ఆకు, కోసే కోయ గిరిజన కుటుంబాలకు ఆ తీరిక లేదు. తెల్లవారుతుండగానే అడవికి వెళ్లి, ఎండ ముదరకముందే మళ్లి, నీడన కూర్చుని 50 ఆకులకొక కట్ట కట్టే ఈ పనిలో, వడదెబ్బ నుంచి, అనగా ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి మెదడు తడబడే స్థితి నుంచి, కాపాడుకొనే ఉపాయం పనివేళల్లోనే ఇమిడి ఉంది. ఎండిన సొరకాయ బుర్రలో వెంట ఉండే పలుచని జావ దాహాన్నీ ఆకలినీ కలిపి తీరుస్తుంది. చిటికెడు ఉప్పు పడితే చెమటతో పోయిన లవణమూ కొంత చేరుతుంది. అయితే దీనిని అడవి బిడ్డల సహజ వివేకమని పొగిడి ఊరుకోవడం తేలికే గాని, ఆ వేళలను నిర్ణయించడంలో పేదరికానికీ పాలున్నదని మరువరాదు. పొరుగునే కొత్తగూడెం, ఇల్లందుల సింగరేణి బొగ్గుగని కార్మికునికి ఎండను బట్టి పనివేళలు ఎంచుకొనే ఆ సదుపాయమూ లేదు: మూడు షిఫ్టుల గనిలో రాత్రి పని ముగించినవాడు, వెలుతురు నిద్రను చెదరగొడుతుంది కనుక, పట్టపగలు కిటికీకి దుప్పటి కట్టి చీకటి కల్పించుకోవలసి వస్తుంది.