రాజన్న కోడె, బావ సెస్నా

వేములవాడకు వచ్చేవాళ్లలో చాలామంది ఇంటి నుంచి కోడెను తోలుకొని రారు. కౌంటర్లో టికెట్ తీసుకుంటారు, పగ్గం పట్టుకుంటారు, గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. మొక్కు తీరిపోయింది. మేత, నీళ్లు, వైద్యం దేవస్థానం చూసుకోవాలి. మొక్కిన కోడెల కోసం తిప్పాపూర్‌లో గోశాలే ఉంది.

ఆ మధ్య ఒక సోమవారం ఈ లైన్లో నిలబడి మేం మాట్లాడుకున్నది విమానం కొనుడు గురించి. నవ్వకండి. మా బావ డాలస్‌లో ఉంటాడు, ప్రైవేట్ పైలట్ లైసెన్స్ ఉంది. ఇద్దరు దోస్తులతో కలిసి పాత సెస్నా 172 కొనాలని చూస్తున్నాడు. నాలుగు సీట్లు, ఒకే ఇంజిన్. 1956 నుంచి 44 వేలకు పైగా తయారయ్యాయి, ప్రపంచంలో ఇంకే విమానమూ ఇన్ని తయారు కాలేదు. అక్కేమో ఆ పైసలు ఇంటి లోన్‌కు కట్టమంటోంది. లైన్లో ఇద్దరి మధ్యన నేను.

బావ వాళ్ల నాయిన రైతు. అంతా విని ఒక్కటే అడిగాడు. "కోడెను కొంటే పండ్లు చూస్తం, నడిపిచ్చి చూస్తం. దీనికేం చూస్తరు రా?"

దీనికి పండ్లంటే లాగ్‌బుక్కులు. ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగింది, ఎప్పుడు ఏం మార్చారు, ఎక్కడైనా గుద్దుకుందా, అన్నీ అందులో ఉండాలి. 172లో వాడే లైకమింగ్ ఇంజిన్లకు దాదాపు 2,000 గంటలకు ఓవర్‌హాల్ చేయించమంటుంది కంపెనీ. బావ చూసినదానికి అప్పటికే 1,850 అయ్యాయి. చవకగా ఎందుకిస్తున్నారో అప్పుడర్థమైంది నాకు. అలాగని తక్కువ గంటలుంటే మంచిదనీ కాదు. ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న ఇంజిన్ లోపల తుప్పు పడుతుంది. అందుకే అమ్మేవాడి మెకానిక్ మాట కాదు, మనం పైసలిచ్చి పెట్టుకున్న మెకానిక్ చూడాలి.

ఆ తర్వాతది మేపుడు. హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్స్, ఏడాదికోసారి తప్పనిసరి తనిఖీ. ఎగిరినా ఎగరకపోయినా ఈ ఖర్చులు ఆగవు. ఎగిరితే గంటకు 30 లీటర్లకు పైనే తాగుతుంది. నాలుగు సీట్లున్నాయి కదా అని ట్యాంకు నిండా నింపి నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే బరువు పరిమితి దాటుతుంది. మా మామ ఎక్కితే మరీను.

"పోయినేడు ఎన్ని గంటలు నడిపినవ్?" అక్క అడిగింది. ముప్పై ఎనిమిదట. అదీ క్లబ్బు విమానం అద్దెకు తీసుకొని. ఏడాదికి వంద గంటలు దాటకపోతే అద్దే లాభమని పైలట్లు సాధారణంగా చెప్పుకుంటారు. ముగ్గురు కలిస్తే వంద దాటుతుందని బావ వాదన. లెక్క సరైనదే. కానీ ఒక దోస్తు ఇంకా హెచ్1బి మీదే ఉన్నాడు. అమెరికాలో విమానం సొంత పేరు మీద రిజిస్టర్ కావాలంటే పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి, లేకుంటే ట్రస్టు ద్వారా పోవాలి. ఇది చాలామంది మనవాళ్లకు తెలియదు.

"గదేదో ఈడికే తేరాదు?" అన్నాడు మామ. తేవచ్చు. డీజీసీఏ అనుమతులు, వీటీ రిజిస్ట్రేషన్, లైసెన్స్ మార్పు అన్నీ అయ్యాయనుకుందాం. దించేదెక్కడ? వేములవాడలో రన్‌వే లేదు. 2022 మహాశివరాత్రికి ఇక్కడ తిరిగినవి హెలికాప్టర్లు, వాటికి ఖాళీ జాగా చాలు. జిల్లాల్లో పాత రన్‌వే అంటే రామగుండం దగ్గర బసంత్‌నగర్‌ది. 1980ల్లో అక్కడ వాయుదూత్ విమానాలు దిగేవి. ఇప్పుడు సర్వీసుల్లేవు. ఒకవేళ అనుమతి దొరికినా, హైదరాబాద్ నుంచి రాజన్నను దాటి అంత దూరం పోయి, దిగి, మళ్లీ కారెక్కి కరీంనగర్ మీదుగా వెనక్కి రావాలి. జూబ్లీ బస్టాండ్‌లో బస్సెక్కినోడే ముందు ధర్మగుండంలో స్నానం చేస్తాడు.

లైను కదిలింది. పగ్గం మామ పట్టుకున్నాడు, ఆ కోడె మా అందరికన్నా నెమ్మదిగా నడిచింది. బయటికొచ్చాక బావ దోస్తులకు వాయిస్ మెసేజ్ పెట్టాడు: "మన మెకానిక్ చూసేదాక అడ్వాన్స్ ఇయ్యొద్దు. ట్రస్టుకు ఎంతైతదో కనుక్కోండ్రి."

అక్క ఫోన్ తీసి లోన్ ఇంకెంత మిగిలిందో చూస్తోంది.