షెడ్డులో పద్మిని

ప్రీమియర్ పద్మిని పొడవు 13 అడుగులకు అంగుళం పైచిలుకు తక్కువ. వెడల్పు 5 అడుగులు నిండదు. మా ఇంటి పక్కనున్న రేకుల షెడ్డు 16 అడుగుల పొడుగు, 9 అడుగుల వెడల్పు. కాగితం మీద లెక్క వేస్తే కారు హాయిగా పడుతుంది. కానీ తలుపులు తీసి, చుట్టూ మనిషి తిరిగి పని చెయ్యాలంటే ఆ లెక్క చాలదు. రెండు పక్కలా సమానంగా వదిలితే ఎటు చూసినా రెండడుగులే మిగులుతుంది. తలుపు సగంలోనే గోడకి తగులుతుంది, చక్రం దగ్గర గొంతుకూర్చుంటే వీపు ఇటుకలకి ఆనుతుంది. అందుకని కారుని ఒక గోడకి జానెడు దూరంలోకి జరిపేసి, ఉన్న జాగా అంతా ఒక పక్కకే తెచ్చుకోవాలి. ఆ పక్క పని తేలాక అవతలి గోడకి జరపాలి. దీనికోసం వెల్డింగ్ షాపులో నాలుగు ఇనప పలకలు చేయించి, ఒక్కోదాని కింద నాలుగేసి చిన్న చక్రాలు వేయించాను. కారు టైర్లు వాటి మీదికి ఎక్కిస్తే సుమారు 900 కిలోల బండిని ఇద్దరు మనుషులు అడ్డంగా తోసెయ్యగలరు. గచ్చు మాత్రం నున్నగా ఉండాలి.

విప్పిన సామాను సంగతి వేరే. చిన్న షెడ్డులో కారు విప్పితే అది ఇల్లంతా పరుచుకుంటుంది. సీట్లు వరండాలోకి వెళ్లాయి, మా మావయ్యగారు పొద్దున్న పేపరు వాటి మీద కూర్చునే చదువుతారు. బోనెట్ అటకెక్కింది. బంపర్లు పాత దుప్పట్లలో చుట్టుకుని మంచం కింద పడుకున్నాయి. స్క్రూలకి మాత్రం సీసాలూ డబ్బాలూ వాడను. ఏ భాగం విప్పితే ఆ భాగం బొమ్మ ఒక అట్ట మీద గీసి, స్క్రూ ఎక్కడ ఉండేదో అక్కడే పొడిచిపెడతాను. డాష్‌బోర్డు అట్ట, తలుపు అట్ట, గ్రిల్ అట్ట, ఇలా గోడకి వేలాడుతుంటాయి. మళ్లీ బిగించేటప్పుడు వెతుకులాట ఉండదు.

ఇంత అవస్థ ఎందుకు, షాపులో పడేస్తే వాళ్లే చూసుకుంటారు కదా అని చాలామంది అంటారు. నా ఉద్దేశంలో ఈ కారుకి తగిన చోటు ఇల్లే. కొన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు బోనెట్ ఎత్తి చెయ్యి పెడతాడన్న నమ్మకంతో చేసిన బండి ఇది. 1089 సీసీ ఇంజను, నాలుగు సిలిండర్లు, ఒకటే కార్బ్యురేటర్. ఇంజనుకి అటూ ఇటూ మోచెయ్యి దాకా దూరేంత ఖాళీ ఉంటుంది. పెట్రోలు పంపు, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాను బెల్టు, అన్నీ కంటికి ఎదురుగా ఉంటాయి. ఇటలీ డిజైను కాబట్టి నట్లూ బోల్టులూ మిల్లీమీటర్ల కొలతలో ఉంటాయి. 8, 10, 13, 17, 19 పానాలు ఉంటే చాలా పని అయిపోతుంది. మోటారు సైకిలుకి వాడే పానాలే ఇవి. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన అంబాసిడర్‌కి ఇవి పట్టవు, దానికి అంగుళాల సెట్టు వేరే కావాలి. పైగా అంబాసిడర్ పొడవు 14 అడుగులు దాటుతుంది. మా షెడ్డులో పెడితే దాని ముందు నిలబడి పని చెయ్యడానికి చోటుండదు.

మనవాళ్లు పద్మిని అనడం తక్కువ, ఫియట్ అనే అంటారు. అందులో తప్పేం లేదు. ఫియట్ 1100లో ఈ తరహా బండి 1953లో జెనీవా మోటార్ షోలో బయటికొచ్చింది. 1964 నుంచి బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ దాన్ని డిలైట్ అనీ, తరవాత ప్రెసిడెంట్ అనీ, 1974 నుంచి పద్మిని అనీ పేర్లు మారుస్తూ చేసింది. విశాఖవాడిగా నాకు ఇందులో ఇంకో చుట్టరికం ఉంది. 1944లో ఆ కంపెనీ పెట్టిన వాల్‌చంద్ హీరాచంద్, అంతకు మూడేళ్ల ముందు మా ఊళ్లో ఓడల కర్మాగారానికి పునాది వేయించిన మనిషి. 1948లో నెహ్రూ సముద్రంలోకి దించిన ‘జల ఉష’ అక్కడ కట్టిందే. ఆ చుట్టుపక్కల్ని ఇవాళ్టికీ మేం వాల్‌చంద్ ఓడల కంపెనీ పేరుతో సింధియా అనే పిలుస్తాం. ఓడలు కట్టిస్తూ, విమానాల ఫ్యాక్టరీకి శ్రీకారం చుట్టి, కార్లు కూడా ఈ దేశంలోనే తయారవ్వాలని పట్టుబట్టినవాడి బండి మళ్లీ ఆ సముద్రం పక్కకే వచ్చి చేరిందంటే నాకు గర్వంగానే ఉంటుంది.

సముద్రం మాత్రం ఈ బండిని క్షమించదు. ఇక్కడ పాత కారు పెట్టుకున్నవాడికి మొదటి శత్రువు ఉప్పుగాలి. పద్మినికి వేరే ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింద ముందు నుంచి వెనక దాకా పోయే బోలు రేకు దూలాలు రెండున్నాయి. బరువులో పెద్ద వాటా వాటి మీదే ఉంటుంది. తలుపు అడుగున నీళ్లు కారిపోవడానికి పెట్టిన చిన్న బెజ్జాలు మట్టితో పూడుకుపోతే వాననీరు తలుపులోనే నిలిచి రేకుని లోపలి నుంచి తినేస్తుంది. దూలాల సంగతీ అంతే. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ఇనుము పొడి అయిపోతూ ఉంటుంది.

పాత కారు చూడ్డానికి వెళ్లినప్పుడు నేను మోసుకెళ్లేది ఒక్కటే పనిముట్టు. బొటనవేలంత అయస్కాంతం, గీతలు పడకుండా పాత బనీను గుడ్డలో చుట్టింది. దాన్ని ముందు మడ్‌గార్డు మీద ఆనించి మెల్లగా కిందికి జరుపుతూ రావాలి. రేకు ఉన్నంత మేరా అది చేతిని లాగుతూ ఉంటుంది. హెడ్‌లైటు చుట్టూ, చక్రం ఒంపు దగ్గర, తలుపు కింది అంచున ఉన్నట్టుండి పట్టు వదిలేసి చేతిలోకి జారుతుంది. అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. మా బండికి ఎడమ దూలం మీద, వెనక తలుపు కింద, జానెడు మేర అయస్కాంతం అంటుకోనేలేదు. గీకితే పొరలు పొరలుగా పుట్టీ, దాని వెనక తుప్పు, ఆ తుప్పులోకి దోపిన గోనెగుడ్డ బయటపడ్డాయి. పాత యజమాని డబ్బులిచ్చి షాపులో చేయించుకున్న పని అది. అన్ని షాపులూ అలా చెయ్యవు. కానీ షాపుకి ఉండే తొందర వేరు, రేపటికి ఇంకో బండి రావాలి. టింకరింగ్‌లో తొందర అంటే పుట్టీయే.

కుళ్లిన దూలాన్ని కొయ్యాలంటే ముందు తలుపు చట్రానికి అడ్డంగా ఇనప పైపులు వెల్డింగు చేసి బిగించాలి. లేకపోతే కారు నడుము దగ్గర కుంగిపోతుంది, కొత్త రేకు అతికాక తలుపులు పడవు. ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క ముట్టుకోకూడదు. పెట్రోలు ట్యాంకు విప్పి వీధి అవతలికి పంపాకే వెల్డింగ్ మేస్త్రీని పిలవాలి, బ్యాటరీ తీసెయ్యాలి. కారు ఎత్తి నిలబెట్టడానికి సిమెంటు ఇటుకలు వాడితే ప్రాణం మీదికి వస్తుంది, అవి చెప్పకుండా పగిలిపోతాయి. జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి స్టాండ్లు ఉండాలి. మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు, ఆ పొగలో ఉండే విషవాయువుకి వాసన ఉండదు, తెలిసేలోపే తల తిరుగుతుంది. ఇంజను పైకి లాగడానికి చైన్ బ్లాకు వేస్తే దానికి గర్డర్ వేయించాలి. ఫ్యాను కొక్కేనికి ఇంజను వేలాడదీసేవాళ్లని చూశాను, ఆ పని ఎవరూ చెయ్యకండి.

ఇరుకు వల్ల కొన్ని పనులకి వేరే దారి పట్టాలి. టాపెట్లు సెట్ చెయ్యడమే తీసుకోండి. ఇంజనుని కొద్దికొద్దిగా తిప్పుతూ ఒక్కో వాల్వు చూసుకోవాలి. విశాలమైన షాపులో అయితే టాప్ గేరులో పెట్టి కారుని కాస్త కాస్త తోస్తారు. మా షెడ్డులో తొయ్యడానికి ఎక్కడికని? అందుకే ప్లగ్గులు నాలుగూ విప్పి, ముందు చక్రాలకి చెక్క ముక్కలు అడ్డం పెట్టి, వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపి స్టాండు పెట్టి, నాలుగో గేరులో వేస్తాం. ఇక ఆ చక్రాన్ని చేత్తో తిప్పితే ఇంజను తిరుగుతుంది. చక్రం దగ్గర మా అమ్మాయి, ఇంజను మీద నేను, పక్కన స్టూలు వేసుకుని మేస్త్రీ. ఆయన ఒకప్పుడు ఫియట్లకే పేరుపడ్డ మెకానిక్కు. ఇప్పుడు చూపు మందగించింది, ఆదివారం పూట మా షెడ్డుకి వచ్చి చెవితో పని చేస్తాడు.

“నాలుగోదాన్లో రెండు వాల్వులూ ఊగుతున్నాయా బాబూ?”

“ఊగుతున్నాయి మేస్త్రీ.”

“అయితే ఒకటోది చూడండి. పాపా, చక్రం అలాగే పట్టుకో.”

ఒకటో సిలిండరూ నాలుగో సిలిండరూ పిస్టన్లు కలిసే ఎక్కుతాయి, కలిసే దిగుతాయి. నాలుగోదాంట్లో ఒక వాల్వు మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటూ ఉన్న ఆ ఘడియలో, ఒకటోదాంట్లో రెండూ గట్టిగా మూసుకుని ఉంటాయి. అప్పుడే వాల్వుకీ దాన్ని తోసే మీటకీ మధ్య సందు కొలవాలి. ఫీలర్ గేజ్ ఆకుని దూర్చి లాగితే, పుస్తకం పేజీల మధ్య దాచిన నెమలీకని లాగినట్టు చిన్న పట్టు తగలాలి. పట్టు ఎక్కువైతే స్క్రూ ఒక వెంట్రుకవాసి వదలాలి, ఆ మీద లాక్ నట్టు బిగించాలి, బిగించాక మళ్లీ కొలవాలి, ఎందుకంటే నట్టు బిగిసేటప్పుడు స్క్రూని కూడా కొంచెం తిప్పేస్తుంది. తరవాత మూడోది, దాని తరవాత నాలుగోది, ఆఖర్న రెండోది. ప్లగ్గులు మండే వరస కూడా అదే. నేను సందు మరీ తక్కువ పెడుతున్నానని అనుమానం వచ్చిందేమో, మేస్త్రీ ఒక మాట అన్నాడు: “చప్పుడు చేసే టాపెట్ మంచిదే బాబూ. చప్పుడు చెయ్యనిదానికే భయపడాల. సందు లేకపోతే వాల్వు సరిగ్గా మూసుకోదు, మూసుకోకపోతే కాలిపోద్ది.” అది అక్షరాలా నిజం. వాల్వు తన వేడిలో ఎక్కువ భాగం వదులుకునేది మూసుకుని సీటుకి ఆనినప్పుడే. ఈ ఒక్క సంగతి తెలియక, కుట్టు మిషనులా నడవాలని టాపెట్లు బిగించేసి, ఇంజను పాడుచేసుకున్న వాళ్లు ఎందరో.

ఎండాకాలంలో ఈ బండికి ఇంకో జబ్బు ఉంది. పెట్రోలు పంపు ఇంజను పక్కకే బిగించి ఉంటుంది, క్యామ్ షాఫ్టు తోసినప్పుడల్లా లోపలి డయాఫ్రం ఆడి పెట్రోలు లాగుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం సింహాచలం ఘాటు ఎక్కుతుంటే పంపులోనే పెట్రోలు ఆవిరైపోతుంది. ఆవిరిని ఆ పంపు తొయ్యలేదు, బండి ఆగిపోతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు కూర్చుంటే మళ్లీ కదులుతుంది. ఆ రోజుల్లో ఫియట్ నడిపినవాళ్లందరి డిక్కీలోనూ నీళ్ల సీసా, గుడ్డ ఉండేవి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది కాబట్టి కొత్త చిక్కు తోడైంది. అది పాత రబ్బరుని మెత్తబరుస్తుంది, తేమని పీల్చుకుంటుంది. బండి కదలకుండా నెలల తరబడి ఉంటే కార్బ్యురేటర్ గిన్నెలో అడుగున నీరు చేరుతుంది. పంపు డయాఫ్రం, రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కి తట్టుకునేవి వేసుకోవాలి. కారు నిలబెట్టేటప్పుడు గిన్నె ఖాళీ చెయ్యాలి. ఇంటి షెడ్డులో కారు ఉంటే ఈ చిన్న శ్రద్ధలన్నీ కాఫీ తాగినంత సేపట్లో అయిపోతాయి.

కొందరు మిత్రులు వేరే సలహా ఇస్తారు. ఆ పాత ఇంజను పీకేసి ఏదైనా కొత్త చిన్న కారు ఇంజను పెట్టించు, ఏసీ పెట్టించు, సుఖపడతావు అని. వాళ్లది ప్రేమే. కానీ ఇంజను మార్చాక మిగిలేది పద్మిని రేకు వేసుకున్న వేరే కారు. పైగా 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఇంజను, ఛాసిస్, బాడీ పెద్దగా మార్చకుండా ఉన్న బండికే వింటేజ్ నెంబరు ఇస్తారు. 1974లో రోడ్డెక్కిన పద్మినులకి ఆ వయసు వచ్చేసింది. బొంబాయిలో నలుపూ పసుపూ ట్యాక్సీలుగా తిరిగిన ఆఖరి పద్మినులు 2023 అక్టోబరుతో రోడ్డు దిగిపోయాయి. ట్యాక్సీలు తిరిగినంత కాలం సామానుకి గిరాకీ ఉండేది, గిరాకీ ఉంది కాబట్టి ఎవరో ఒకరు చేసేవారు. ఇకమీద ఒక్కో అసలు ఇంజను, ఒక్కో అసలు గేర్‌బాక్సు తగ్గిపోయేదే తప్ప పెరిగేది కాదు. ఉన్నదాన్ని తీసి పాత ఇనుముకి వెయ్యడానికి నాకు చేతులు రావు.

దొరకని సామాను కోసం తిరగడం కూడా ఈ పనిలో భాగమే. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, మద్రాసు పుదుప్పేటలో పాత కొట్ల వాళ్లకి నెంబర్లు చెప్తే అర్థం కాదు, పాత ముక్క చేతిలో పెట్టాలి. దాన్ని ఒకసారి తిప్పి చూసి అటక మీదనుంచి దుమ్ముపట్టిన అట్టపెట్టె దింపుతారు. లేకపోతే లేదు అని ఒక్క మాటలో చెప్పేస్తారు. లేనప్పుడు లేత్ మేస్త్రీ ఉన్నాడు. బుష్షులూ పిన్నులూ నమూనా ఇస్తే తిప్పి ఇస్తాడు. బ్రేకుల దగ్గర మాత్రం నమూనా పని పనికిరాదు. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే కాబట్టి చక్రం సిలిండర్లు, రబ్బరు కప్పులు, గొట్టాలు కొత్తవే, సరైన కొలతవే వెయ్యాలి.

పాత కారు ఇంటికి తెచ్చుకోవాలనుకునేవాళ్లకి వరస చెప్పమంటే ఇలా చెప్తాను. మొదట బ్రేకులు, తరవాత తుప్పు, ఆ తరవాత వైరింగు, ఇంజను. రంగు అన్నిటికన్నా ఆఖర్న. చాలామంది రంగుతో మొదలుపెడతారు, అక్కడే డబ్బూ ఉత్సాహమూ అయిపోతాయి. ఎడమ దూలం అతికాక ఇంజను చప్పుడు వినిపించిన దగ్గర్నుంచీ మా వీధిలో వాళ్లు దసరాకి బండి బయటికి తీసి గుమ్మడికాయ కొడతారా అని అడుగుతున్నారు. మా అమ్మాయికీ అదే ఆశ. ఈ దసరాకి తియ్యను. వెనక చక్రాల సిలిండర్లు ఇంకా రావాలి, కుడి దూలం ఇంకా కొయ్యాలి.