నా ఒంటి సంగతి నాకు చెప్పలేదు

పదో తరగతి అయ్యేసరికి మా క్లాసులో పెద్దమనిషి కాని పిల్లను నేనొక్కదాన్నే. ఒంట్లో మార్పులన్నీ అందరిలాగే వేళకు వచ్చాయి, నెలసరి మాత్రం రాలేదు. అమ్మ నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి ముద్దలు చేసి పరగడుపున పెట్టేది. మా మేనత్త వచ్చినప్పుడల్లా "ఇంకా ఏమీ లేదా వదినా?" అని వంటింట్లో గొంతు తగ్గించి అడిగేది. టౌన్‌లో ఒక డాక్టరమ్మ స్కాన్ తీయించకుండానే హార్మోన్ టాబ్లెట్లు రాసింది. వాటితో వాంతులయ్యాయి, అంతే.

ఇంటర్‌లో హాస్టల్‌లో ఉన్నప్పుడు నేనూ ప్యాడ్ల ప్యాకెట్ కొనేదాన్ని. మందుల షాపువాడు పేపర్లో చుట్టి నల్ల కవర్లో పెట్టిచ్చేవాడు. పెట్టె తెరవగానే కనబడేలా బట్టల మీదే పెట్టుకునేదాన్ని. నెలలో కొన్ని రోజులు గుడికి రాలేనని చెప్పేదాన్ని, అందుకోసం తేదీలు గుర్తుపెట్టుకునేదాన్ని. ఎవరైనా అర్జెంటుగా ప్యాడ్ అడిగితే ఇచ్చేటప్పుడు చేతులు వణికేవి.

డిగ్రీలో చేరే ముందు ఒక పెద్ద ఆసుపత్రిలో పొట్టకు స్కాన్ తీశారు. మూత్రం ఉగ్గబట్టుకుని పడుకుంటే, స్కాన్ తీస్తున్న డాక్టర్ ఒకేచోట మళ్లీ మళ్లీ నొక్కి చూసి ఇంకొకాయన్ని పిలిచాడు. ఇద్దరూ నా పొట్ట మీదుగా ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. తర్వాత నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి నాన్నను లోపలికి పిలిచారు. నాకప్పటికి పద్దెనిమిది నిండాయి. అయినా నా ఒంటి సంగతి నాకు చెప్పాలని అక్కడ ఎవరికీ తోచలేదు. నాన్న బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ రాత్రి అమ్మ ఏడుపు విని నాకు క్యాన్సరేమో అనుకున్నాను. చాలాకాలం అలాగే అనుకుంటూ బతికాను. గర్భసంచి లేకపోవడం కన్నా ఆ రోజులే నన్ను ఎక్కువ నలిపేశాయి.

చివరికి ఒకరోజు బీరువాలో చీరల కింద ఆ స్కాన్ రిపోర్టు దొరికింది. 'గర్భాశయం కనిపించలేదు' అన్న ఇంగ్లీషు ముక్క ఒక్కటి అర్థమైంది. నేనే పట్టుబట్టి హైదరాబాద్‌లో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె ముందు అమ్మానాన్నలను బయట కూర్చోమని, మందులచీటీ వెనక బొమ్మ గీసింది. దీన్ని మేయర్-రోకిటాన్‌స్కీ-కుస్టర్-హౌజర్ సిండ్రోమ్ అంటారు, ఎంఆర్‌కేహెచ్ అని రాస్తారు, దాదాపు 5 వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి ఉంటుంది అని చెప్పింది. తల్లి కడుపులో ఉన్న తొలి నెలల్లోనే ముల్లేరియన్ నాళాలు అనే రెండు గొట్టాలు కలిసి గర్భసంచి, యోని పైభాగం తయారవుతాయట. నాలో అవి ఎదగలేదు. అండాశయాలు వేరేగా పుడతాయి కాబట్టి అవి చక్కగా పనిచేస్తున్నాయి. రక్తపరీక్షలో క్రోమోజోములు 46 ఎక్స్‌ఎక్స్ అని వచ్చాయి. మూత్రపిండాలు కూడా చూడాలంది, ఆ నాళాల పక్కనే అవీ తయారవుతాయి కాబట్టి. నాకు ఒక్కటే ఉందని అప్పుడు తెలిసింది. పెయిన్‌కిల్లర్లు సొంతంగా మింగొద్దని, కిడ్నీ కోసం ఏటా క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమని చీటీ మీద రాసి నా చేతికే ఇచ్చింది.

పెళ్లికి ముందు యోని సరిచేసే ఆపరేషన్ చేయించేద్దామా అని నాన్న అడిగాడు. తొందరలేదు, తను సిద్ధపడ్డాకే అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ముందు డైలేటర్లతో ప్రయత్నించమంది. అవి యోనిని మెల్లగా సాగదీసే నున్నటి గొట్టాలు, సైజు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోవాలి. రోజూ గది తలుపు వేసుకుని నెలల తరబడి చేశాను. నొప్పి ఒకెత్తు, ఒంటరితనం ఒకెత్తు. నా మూలుగు ఎవరికీ వినబడకుండా అమ్మ హాల్లో టీవీ సౌండ్ పెంచి, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. చుట్టాలొస్తే "చదువుకుంటోంది, కదిలించకండి" అని పంపేసేది. ఆపరేషన్ అవసరం రాలేదు.

ఎవరికీ చెప్పకుండా పెళ్లి చేద్దామని పెద్దవాళ్లన్నారు. నేను ఒప్పుకోలేదు. వచ్చిన సంబంధాలన్నిటికీ చెప్పాం, చాలా పోయాయి. చివరికి ఒకతను రిపోర్టులన్నీ తీసుకుని చదివి, అర్థంకానివి నన్నే అడిగాడు. అతన్నే చేసుకున్నాను.

గర్భసంచి మార్పిడి చేయించుకున్నామెకు 2014లో స్వీడన్‌లో బిడ్డ పుట్టిందని, 2017లో పుణెలో ఒక తల్లి తన గర్భసంచిని కూతురికి ఇచ్చిందని విని అమ్మ నాకు ఫోన్ చేసింది. "నాది ఇవ్వొచ్చేమో అడుగు తల్లీ" అంది. ఉన్న ఒక్క కిడ్నీతో అంత పెద్ద ఆపరేషన్, మార్పిడి తర్వాత వాడాల్సిన మందులు నాకొద్దన్నాను. 2021 సరోగసీ చట్టం ప్రకారం గర్భసంచి లేని నాలాంటివాళ్లకు అవకాశం ఉంది. కానీ డబ్బు తీసుకోకుండా మా బిడ్డను మోసే మనిషి దొరకాలి, ఆమె పెళ్లయి సొంత బిడ్డ ఉన్నదై ఉండాలి. మా ఇంట్లో ఇద్దరిని అడగాలనుకుని, వాళ్ల ముఖాలు చూశాక అడగలేదు. చివరికి దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారాలో పేరు నమోదు చేసుకున్నాం. అధికారులు ఇంటికొచ్చి అన్నీ చూసి, అడగాల్సినవి అడిగి వెళ్లారు. ఇప్పుడు మా వరుస కోసం చూస్తున్నాం.