తిరుపతి ఇల్లు, డాలస్ టీవీ

బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడసేవ. తిరుమల మాడవీధుల్లోకి వాహనం వచ్చే వేళకు డాలస్‌లో అప్పుడే తెల్లారి ఉంటుంది. అక్కడ స్థిరపడిన తిరుపతి కుటుంబాలు కాఫీ గ్లాసులు పట్టుకుని టీవీ ముందు చేరతాయి. 2008 జులైలో మొదలైన శ్రీ వేంకటేశ్వర భక్తి చానల్‌ను ఇప్పుడు యూట్యూబ్‌లో ఏ దేశం నుంచైనా పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. 2020 మార్చి 20 నుంచి కొవిడ్ కారణంగా భక్తులకు దర్శనం కొన్నాళ్లు ఆగింది. ఆ ఏడాది సెప్టెంబరు బ్రహ్మోత్సవాలు గుడి లోపలే ఏకాంతంగా జరిగాయి. అలిపిరి దగ్గర ఇల్లున్న వాళ్లకైనా, టెక్సస్‌లో ఉన్న వాళ్లకైనా అప్పుడు వాహనసేవల దర్శనం దక్కింది టీవీలోనే.

గరుడసేవ ముగిశాక అదే టీవీలో, తిరుపతిలో నాన్న ఏడాది చందా కట్టిన యాప్ తెరవండి. పేరు సరే, పాస్‌వర్డ్ సరే, చందా గడువూ తీరలేదు. అయినా మ్యాచ్ నొక్కగానే ఇది మీ ప్రాంతంలో అందుబాటులో లేదన్న ఒక్క వాక్యం వచ్చి నిలబడుతుంది.

దీని వెనకున్నది వ్యాపారం. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు మొత్తం 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. అందులో భారత ఉపఖండంలో టీవీ హక్కులకు స్టార్ ఇచ్చింది 23,575 కోట్లు, డిజిటల్ హక్కులకు వయాకామ్18 ఇచ్చింది 20,500 కోట్లు. విదేశాల హక్కులు వేరే బేరం. ఇక్కడ కొన్నవాడు అక్కడ చూపిస్తే, అక్కడ కొన్నవాడు ఊరుకోడు. కాబట్టి ప్రేక్షకుడు ఏ దేశంలో కూర్చున్నాడో యాప్ కనిపెట్టాలి. అందుకు అది మొదట చూసేది ఐపీ అడ్రసు. ఇంటర్నెట్ కంపెనీ మీ కనెక్షన్‌కు ఇచ్చిన ఆ అంకెలే మీరెక్కడున్నారో చెబుతాయి. మీరు పుట్టింది చిత్తూరు గిరింపేటలోనా, చదివింది ఎస్వీ యూనివర్సిటీలోనా అన్నది దానికి అక్కర్లేదు.

ఈ చిక్కును కొందరు తిరుపతి ఇంట్లోనే విప్పుకుంటున్నారు. వైఫై రౌటర్ పక్కన అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ ఒకటి పెడతారు. 2012లో కేంబ్రిడ్జి నుంచి వచ్చిన రాస్ప్‌బెర్రీ పై ఇలాంటి పనులకు బాగా పేరుపడింది. డాలస్ టీవీ అడిగింది ముందు ఈ పెట్టెకు వస్తుంది, పెట్టె దాన్ని తన పేరున యాప్ కంపెనీని అడుగుతుంది, వచ్చిన బొమ్మను తిరిగి డాలస్‌కు పంపుతుంది. ఇంటికొచ్చిన ఉత్తరాన్ని నాన్న ఇంకో కవర్లో పెట్టి కొడుక్కి పోస్టు చేసినట్టు. కంపెనీకి కనిపించేది తిరుపతి కనెక్షనే. ఇలా మధ్యవర్తిగా పనిచేసేదాన్నే ప్రాక్సీ అంటారు.

ఊరి బొమ్మను వెంట తీసుకెళ్లాలన్న తపన ఈనాటిది కాదు. అమెరికా తెలుగువాళ్లు ఒకప్పుడు ఇండియన్ సరుకుల కొట్లలో వీడియో క్యాసెట్లు అద్దెకు తెచ్చుకునేవారు. తర్వాత డిష్ యాంటెన్నాలు ఇళ్లకెక్కాయి. 2006లో ఉదయ్ రెడ్డి మొదలుపెట్టిన యప్ టీవీ, దేశం దాటిన వాళ్లకు తెలుగు చానళ్లను ఇంటర్నెట్‌లోనే అందించింది. ఇంట్లో ఇలా పెట్టె పెట్టే ఆలోచన మాత్రం ఇద్దరు అమెరికా అన్నదమ్ములకు బేస్‌బాల్ పిచ్చి వల్ల తట్టింది. ప్రయాణాల్లో శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ ఆటలు చూడలేక విసిగిన బ్లేక్, జేసన్ క్రికోరియన్‌లు 2005లో స్లింగ్‌బాక్స్ తెచ్చారు. ఇంటి కేబుల్ పెట్టెలోని బొమ్మను అది ప్రపంచంలో ఎక్కడికైనా పంపేది. 2007లో ఎకోస్టార్ ఆ సంస్థను 38 కోట్ల డాలర్లకు కొన్నది. 2022 నవంబరు 9న కంపెనీ తన సర్వర్లు ఆపేసింది. ఇళ్లలో చెక్కుచెదరకుండా ఉన్న పెట్టెలు కూడా ఆ రోజుతో పనికిరాకుండా పోయాయి. అందుకే తెలిసిన వాళ్లు ఇంకొకరి సర్వర్ మీద ఆధారపడకుండా, పూర్తిగా తమ చేతిలో ఉండే ఏర్పాటు కోరుకుంటారు.

డబ్బు కడితే ఇలాగే ఇంకో దేశం అడ్రసు అద్దెకిచ్చే వీపీఎన్‌లున్నాయి కదా అనొచ్చు. వాటికి రెండు దెబ్బలు తగిలాయి. 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ ప్రాక్సీలను అడ్డుకుంటామని ప్రకటించింది. వేలమంది ఒకే అడ్రసు నుంచి వస్తే అది ఇల్లు కాదని ఎవరికైనా తెలిసిపోతుంది. రెండోది మన దగ్గర జరిగింది. వీపీఎన్ సంస్థలు ఖాతాదారుల వివరాలను ఐదేళ్లు దాచి ఉంచాలని 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ భారత్‌లోని సర్వర్లను తీసేశాయి. తిరుపతిలోనో చిత్తూరులోనో సొంతిల్లున్న వాళ్లకు ఆ ఇంటి అడ్రసు విలువ అప్పటి నుంచి ఇంకా పెరిగింది.

అమర్చుకోవడంలో అసలు పరీక్ష అప్‌లోడ్ దగ్గర. మామూలుగా ఇంట్లోకి ఎంత వేగంగా వస్తుందన్నదే అడుగుతాం. ఇక్కడ ఇంట్లోంచి ఎంత వేగంగా బయటికి పోతుందన్నది లెక్క. టెలిఫోన్ తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ నడిచిన రోజుల్లో ఇది సాగేది కాదు. స్పష్టమైన హెచ్‌డీ బొమ్మకు సెకనుకు ఐదు మెగాబిట్లు కావాలి. ఫైబర్ వచ్చాక చాలా ప్లాన్లలో రాకకూ పోకకూ ఒకే వేగం. మూడు గంటల మ్యాచ్ అంటే దాదాపు ఏడు జీబీ ఇంట్లోకి వస్తుంది, మరో ఏడు జీబీ బయటికి పోతుంది. 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోన్ కలిపి మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షన్ ఉన్నవాళ్లు ఒక తేడా గమనించాలి. ప్రాక్సీతో అందేది ఇంటర్నెట్‌లో ఉన్న సరుకే. సెట్‌టాప్ బాక్స్‌లో వచ్చే చానళ్లు, లోకల్ కేబుల్‌లో మాత్రమే కనిపించే కార్యక్రమాలు దానికి చిక్కవు. వాటికి స్లింగ్‌బాక్స్ తరహా పరికరమే కావాలి.

రెండో అడ్డంకికి మూలం అంకెల కొరత. పాత పద్ధతి ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికీ దాదాపు 430 కోట్లే. 2011 ఫిబ్రవరిలో కేంద్ర నిల్వ ఖాళీ అయింది. దాంతో ఇంటర్నెట్ కంపెనీలు ఒక్క అడ్రసును ఎన్నో ఇళ్లకు కలిపి ఇస్తున్నాయి. అలాంటి ఇంట్లోంచి బయటికి వెళ్లొచ్చు గానీ, బయటి నుంచి ఆ ఇంటి తలుపు తట్టడం కుదరదు. రౌటర్ పేజీలో బయటి అడ్రసు 100.64కూ 100.127కూ మధ్య మొదలైతే ఇదే సంగతి. నెలకు కొంత అదనంగా కట్టి స్థిరమైన అడ్రసు తీసుకోవచ్చు. కొత్త పద్ధతి ఐపీవీ6 వాడొచ్చు, దాని వాడకంలో భారత్ ప్రపంచంలో ముందువరుసలో ఉంది. లేదా రెండు వైపుల నుంచీ బయటికి వచ్చి మధ్యలో కలుసుకునే టెయిల్‌స్కేల్ లాంటివి ఉన్నాయి. 2020 మార్చిలో లైనక్స్ కెర్నల్‌లో చేరిన వైర్‌గార్డ్‌తో ఇంటి పెట్టెకూ విదేశీ టీవీకీ మధ్య తాళం వేసిన దారి ఏర్పడుతుంది. తిప్పలుపడి ఒకసారి అమర్చుకుంటే మళ్లీ దాని జోలికి పోనక్కర్లేదు.

జోలికి పోయేది ఇంట్లో వాళ్లు.

"ఆ పెట్టెలో రాత్రంతా లైటు మిణుకుమంటా ఉండాది నాయనా. ఊరికే కరెంటు కాలుతుందని ఆపేసినా" అంటుంది అమ్మ. ఆ పెట్టె నెలకు కాల్చేది నాలుగు యూనిట్ల లోపే. కానీ ఆమెకు అది తెలియాలి కదా, ఎవరైనా చెప్పాలి కదా. నవంబరు వస్తే తిరుపతిలో ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో వీధులకు వీధులే మునిగిన సంగతి ఊరు మరిచిపోలేదు. ఉరుములు మొదలవగానే ప్లగ్గు పీకేయడం పెద్దవాళ్లకు అలవాటు, అది మంచి అలవాటే. డాలస్‌లో టీవీ ఆగిందంటే ఇక్కడ కరెంటు పోయిందో, వాన మొదలైందో, అమ్మానాన్నలు ఊరెళ్లారో అర్థం. రౌటర్‌కు చిన్న యూపీఎస్ కొనొచ్చు. స్విచ్చు పక్కన కాగితం అంటించొచ్చు. అంతకంటే మేలు, ఆ పెట్టె ఏం చేస్తుందో పెద్దవాళ్లకు కూర్చోబెట్టి చెప్పడం.

చెప్పాల్సింది కరెంటు గురించే కాదు. ఆ కనెక్షన్ నాన్న ఆధార్ మీద, నాన్న పేరున ఉంటుంది. దాని గుండా ఎవరేం చేసినా అడ్రసు తిరుపతిదే. పాస్‌వర్డ్ లేకుండా ప్రాక్సీ తెరిచిపెడితే దాన్ని వెతికి పట్టుకునే ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లో పగలూ రాత్రీ తిరుగుతుంటాయి. ముక్కూ మొహం తెలియనివాడు ఆ దారిన మోసానికి దిగితే పోలీసులు ముందు తలుపు తట్టేది డెబ్బై ఏళ్ల పెన్షనర్ ఇంటిని. స్నేహితులకు ఆ దారి పంచిపెట్టడం కూడా ఇందుకే తప్పు. ఇక యాప్ కంపెనీల షరతుల ప్రకారం దేశం మారి చూడటం సాధారణంగా ఒప్పందానికి విరుద్ధం, ఖాతా ఆపేసే హక్కు వాటికుంటుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నేరం చేయడానికో, అది బయటపడకుండా ఉండటానికో ఐపీ అడ్రసును మరుగుపరిస్తే ఐదు లక్షల నుంచి ఇరవై లక్షల దిర్హాముల జరిమానా అని యూఏఈ 2021 సైబర్ నేరాల చట్టం చెబుతోంది. చిత్తూరు, అన్నమయ్య, కడప జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లినవాళ్లు ఏ దేశంలో ఉంటే ఆ దేశం నిబంధన ముందు కనుక్కోవాలి.

ఇంత శ్రమ చేసేవాళ్లను దొంగచాటుగా చూసేవాళ్లనడం అన్యాయం. చాలామంది డబ్బు కట్టినవాళ్లే. ఏడాది చందా కట్టుకుని, పిల్లల దగ్గర ఆర్నెల్లు ఉందామని అమెరికా వెళ్లిన తల్లిదండ్రులనే చూడండి. రోజూ చూసే సీరియల్ విమానం దిగగానే ఆగిపోతుంది. వాళ్లకు ఇంటి ప్రాక్సీ కూడా అక్కరకు రాదు. బయల్దేరే ముందు గ్యాస్ కట్టేసి, మెయిన్ ఆపేసి, తాళం వేసి వెళ్లి ఉంటారు. ఇంట్లో మనుషులు ఉన్నన్నాళ్లే ఆ పెట్టె పనిచేసేది.

ఐరోపా దీనికి చట్టంతోనే దారి చూపింది. 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఐరోపా సమాఖ్య నిబంధన ప్రకారం, సొంత దేశంలో డబ్బు కట్టిన చందాదారుడు మరో సభ్య దేశానికి తాత్కాలికంగా వెళ్లినా తన కార్యక్రమాలు తనకు అందాల్సిందే, అదనంగా డబ్బు అడగకూడదు. అతని సొంత దేశం ఏదో బ్యాంకు వివరాలతోనో, గుర్తింపు కార్డుతోనో, కరెంటు బిల్లు లాంటి కాగితంతోనో చందా కట్టేటప్పుడు, మళ్లీ పొడిగించేటప్పుడు తేల్చుకుంటే చాలు. అక్కడా హక్కులు దేశం దేశానికీ విడివిడిగానే అమ్ముడుపోతాయి, అయినా ఆ వ్యాపారం ఆగలేదు. ఆర్నెల్లు ఉండటానికి వెళ్లే తిరుపతి తల్లిదండ్రులకు అలాంటి వెసులుబాటు ఇవ్వాలని మన ప్రసార సంస్థలను అడగాలి. చందా కట్టిన యూపీఐ ఖాతా, ఓటీపీ వెళ్లే భారత ఫోన్ నంబరు ఇప్పటికే వాళ్ల దగ్గరున్నాయి.