వాడిక

పొంగలు సెలవుల్లో మా అవ్వ ఆధార్ కార్డు కోసం ఆమె ట్రంకుపెట్టె వెతుకుతుంటే ఇంకో కార్డు బయటపడింది. రేషన్ కార్డుకూ పాల సొసైటీ పుస్తకానికీ మధ్యలో, పసుపు గుడ్డలో చుట్టిపెట్టి ఉంది. నల్లటి ప్లాస్టిక్ కార్డు. పైన మా మామ పేరు, దాని కింద ప్లాటినం అన్న మాట, ఒక మూల 2025 ఫిబ్రవరి వరకు అని గడువు. పేరున్న ఒక హోటళ్ళ కంపెనీ మామకు ఇచ్చిన కార్డు అది. గడువు తీరి ఏడాది కావస్తున్నా అవ్వ దాన్ని పారేయలేదు. నేనూ మళ్ళీ గుడ్డలో చుట్టి అక్కడే పెట్టేశాను. కానీ ఆ కార్డు గురించి నాకు తెలిసిన ఒక సంగతి అవ్వకు తెలియదు. అది ఈ గోడపత్రికలో రాయాలనిపించింది.

మాది తామరైపాక్కం. కొసస్తలైయారు మీద ఆనకట్ట ఉన్న ఊరు. అక్కడ మళ్ళించిన నీళ్ళు చోళవరం చెరువుకూ, అక్కణ్ణించి పుళల్ చెరువుకూ చేరి మద్రాసు కుళాయిల్లోకి వస్తాయి. అవ్వ పుట్టిల్లు తిరుత్తణి పక్కన. ఆమె పుట్టినప్పుడు అది ఆంధ్రలో ఉండేది, 1960లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అందుకే అవ్వ మాటల్లో ఏది తెలుగో ఏది తమిళమో విడదీయడం నాకు ఇప్పటికీ చేతకాదు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. సోమవారం పొద్దున విమానం ఎక్కితే గురువారం రాత్రి విమానానికి తిరిగిరావడం. కొన్నేళ్ళు అదే బతుకు. ఒకసారి ఇంటికి వచ్చినప్పుడు తన కార్డులు చూపించి అవ్వకు చెప్పాడు: "ఎన్నిసార్లు విమానం ఎక్కితే, ఎన్ని రాత్రులు వాళ్ళ హోటల్లో పడుకుంటే, అంత మర్యాద చేస్తారమ్మా."

అవ్వ ఒక్క నిమిషం ఆలోచించి, "ఓ, వాడికా!" అంది.

తమిళంలో వాడిక్కై, మనకు వాడిక. అవ్వ ముప్పై ఏళ్ళుగా ఒకే శెట్టియార్ అంగట్లో సరుకులు తెస్తుంది. ఆయన నోటుబుక్కులో రాసుకుంటాడు, కందిపప్పు తూచాక గుప్పెడు కొసరు వేస్తాడు. అవ్వ దృష్టిలో విమానం కంపెనీ చేసేదీ అదే.

నిజానికి మొదలైంది కూడా అట్లాగే. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఎక్కువగా ఎక్కేవాళ్ళ మైళ్ళు లెక్కగట్టి, ఇన్ని మైళ్ళైతే ఒక టికెట్టు ఉచితం అన్నది. కొద్ది రోజులకే యునైటెడ్ అదే బాట పట్టింది. 1983లో హోటళ్ళు మొదలుపెట్టాయి. ఉచిత టికెట్టు అంటే కొసరు. కొన్నాళ్ళకు కొసరు మీద మెట్లు కట్టారు. ఉదాహరణకు మారియట్ హోటళ్ళలో ఏడాదికి 10 రాత్రులు పడుకుంటే సిల్వర్, 25 అయితే గోల్డ్, 50కి ప్లాటినం, 75కి టైటానియం. 75 అనగానే మనకు ఏం గుర్తొస్తుందో చెప్పక్కరలేదు. మన హాజరుపట్టీకి కూడా అదే అంకె. తేడా ఏమంటే, మనం కాలేజీకి రావడం లెక్క, వాళ్ళకు ఇంటికి పోకపోవడం లెక్క.

ఇందులో ఇంకో కిటుకుంది. టికెట్టు డబ్బులు కట్టేది మామ కంపెనీ, పాయింట్లు వచ్చేది మామకు. కాబట్టి పది రూపాయలు ఎక్కువైనా మామ అదే విమానం, అదే హోటలు అడుగుతాడు. ఇట్లాంటి మనుషుల వాడిక ఎంత విలువైందంటే, 2020లో కరోనాకు విమానాలు నిలిచిపోయినప్పుడు యునైటెడ్ సంస్థ తన మైళ్ళ పథకాన్నే తాకట్టు పెట్టి 680 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. అవ్వ ఎరువులకు గొలుసు తాకట్టు పెడుతుంది. వాళ్ళు తాకట్టు పెట్టింది మనుషుల అలవాటును.

ఇదంతా మోసమని నేను అనను. అవ్వ మొదటిసారి విమానం ఎక్కింది మామ పాయింట్లతోనే. 2023 మే, నా ప్లస్ టూ పరీక్షలు అయిపోయాయి, హైదరాబాదులో పెళ్ళి. మీనంబాక్కంలో మాది వేరే వరస, పెట్టెకు వేరే చీటీ. నేనైతే ఆ వరసలో నిలబడి తలెత్తుకుని అందర్నీ చూశాను. తరువాత లాంజి వచ్చింది. మామ కార్డుకు తోడు ఒక్కరినే రానిస్తారట. మామ, అవ్వ లోపలికి పోయారు, నేను బయట కుర్చీలో కూర్చున్నాను. అరగంటకు అవ్వ కొంగులో ఏదో దాచుకుని వచ్చింది. రెండు బిస్కెట్లు, ఒక కేకు ముక్క, నాలుగు చక్కెర పొట్లాలు.

"లోపల ఎవురూ డబ్బులడగలేదే! మరి పాపను ఎందుకు రానీలేదు?"

"ఒక్కరికేనమ్మా."

"మా శెట్టియారైతే ముందు పిలకాయలకే బెల్లంముక్క పెడతాడు" అంది అవ్వ.

ఇక అవ్వకు తెలియని సంగతి. 2023 డిసెంబరు. మిచాంగ్ తుపాను వచ్చి పోయింది. మా ఇంటి వెనక గోడ నాని కూలిపోయింది. అవ్వకు జ్వరం. నేను అప్పటికి ఇక్కడ హాస్టల్లో చేరి ఆర్నెల్లయింది. మామ పనిమీద మద్రాసు వచ్చాడని నాకు తెలుసు. అవ్వకు మాత్రం ఫోనులో, "ఈ వారం కుదరదమ్మా, బెంగళూరు పోవాల" అన్నాడు.

ఆదివారం పొద్దున నాకు ఫోను. "ఖాళీగా ఉన్నావా? టిఫినుకు రా."

పోయాను. పెద్ద హోటలు. అప్పటికి ఆఫీసు పని అయిపోయింది. శుక్రవారం, శనివారం రెండు రాత్రులు మామ సొంత డబ్బులతో అక్కడ దిగాడు. మెట్టు నిలబెట్టుకోవడానికి రెండు రాత్రులు తక్కువయ్యాయట, ఏడాది ముగిసేలోపు పూర్తిచేయాలట. ఇట్లా లెక్క కోసం విమానం ఎక్కడాన్ని మైలేజ్ రన్ అంటారనీ, హోటల్లో పడుకోవడాన్ని మ్యాట్రెస్ రన్ అంటారనీ నాకు ఆ రోజే తెలిసింది. పరుపు మీద పడుకోవడానికి పరుగు అన్న పేరు! నవ్వాను. మామ నవ్వలేదు.

"నీకు తెలీదు పాపా. ఉద్యోగం కోసం తిరిగే రోజుల్లో ఇట్లాంటి ఒక హోటల్లో ఇంటర్వ్యూ. గేటు దగ్గర వాచ్‌మన్ నా చెప్పులు చూసి ఆపేశాడు. ఇప్పుడు చూడు, పేరుపెట్టి పిలుస్తారు."

నిజంగానే పిలిచారు. కాఫీ తెచ్చినాయన మామ పేరు చెప్పి, చక్కెర వద్దు కదా సార్ అన్నాడు. నేను దోసె తిన్నాను, కేకు తిన్నాను, బొప్పాయి ముక్కలు తిన్నాను. అప్పుడే నా ఫోను మోగింది. అవ్వ.

"మీ మామ ఫోను ఎత్తడం లేదు. బెంగళూరు చేరినాడా? నీకేమన్నా తెలుసునా?"

నేను మామ వైపు చూశాను. మామ తన పళ్ళెం వైపు చూశాడు.

"తెలీదవ్వా. నేను హాస్టల్లో ఉన్నా."

అక్కణ్ణించి మా ఊరికి గంటన్నర ప్రయాణం. ఆ రెండు రాత్రులూ మామ పోలేదు. సోమవారం టెస్టుందని నేనూ పోలేదు. మామ లెక్క పూర్తయింది, కార్డు వచ్చింది. సంక్రాంతికి వచ్చినప్పుడు దాన్ని అవ్వ చేతిలో పెట్టి, "ఫోనులో ఉంటే చాలు, ఇది నువ్వే దాచిపెట్టుకో" అన్నాడు. అవ్వ కళ్ళకద్దుకుంది.

ఈ వాడికలో ఉన్న చిక్కేమంటే, జనవరి 1న లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలు. నిరుడు ఎన్ని రాత్రులున్నా ఈ ఏడాది మళ్ళీ ఉండాలి. ఒక్కోసారి మనం నిలబెట్టుకున్నా కంపెనీయే నిలబడదు. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ ఆగిపోయింది, 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయింది. 2024 నవంబరులో విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోయింది, దాని సభ్యుల పాయింట్లూ అటే పోయాయి. వీటన్నిట్లోనూ బంగారు మెట్ల మీద కూర్చున్నవాళ్ళు ఉండే ఉంటారు.

మామ విషయంలో కంపెనీ బాగానే ఉంది, పనే మారింది. 2024లో మీటింగులన్నీ వీడియోలోకి వచ్చేశాయి. ఏడాదంతా కలిపి 14 రాత్రులు. 2025 మార్చిలో ఒకసారి అదే హోటలుకు పోతే, కౌంటరులో కొత్తమ్మాయి, "మా దగ్గరికి మొదటిసారా సార్?" అని అడిగిందట. ఆ మాట మామ మా అమ్మకు చెప్పి, ఫోనులో చాలాసేపు ఏమీ మాట్లాడలేదట.

ఇప్పుడు మామ రెండు వారాలకోసారి వస్తున్నాడు. రెడ్ హిల్స్‌లో దిగి టౌన్ బస్సు పట్టుకుంటాడు. పని తగ్గిందని వస్తున్నాడో, అవ్వ కోసమే వస్తున్నాడో నేను అడగలేదు. అవ్వ కూడా, ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడగలేదు. అదే మంచం, అదే పళ్ళెం.

మొన్న పెట్టె మూసేటప్పుడు అవ్వ అడిగింది: "ఆ కార్డు ఇంకా చెల్లుతుందా పాపా?"

"చెల్లదవ్వా. గడువు అయిపోయింది."

"ఉండనీలే. వాడి పేరుంది కదా."

అప్పుడు చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. ఎదురుగా చెప్పలేనిది కాగితం మీద రాయడం తేలికని మన మేడమ్ అంటుంటారు. రాసేశాను. మా అవ్వకు చదువు రాదు. వచ్చే నెల కొత్త సంచిక పెట్టడానికి ఈ కాగితం గోడమీద నుంచి తీస్తారు కదా, అప్పుడు దీన్ని నాకే ఇవ్వండి. ఊరికి తీసుకుపోయి అవ్వ పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను, దోసె తిన్న సంగతితో సహా.