పిల్లి గిన్నె ఎక్కడ కడుగుతున్నారు?



విరేచనాలతో వచ్చిన ప్రతి రోగినీ నేను ముప్ఫై ఏళ్లకు పైగా మూడు ప్రశ్నలు అడుగుతూ వచ్చాను. ఏం తిన్నారు? ఎక్కడి నీరు తాగారు? ఇంట్లో ఇంకెవరికైనా ఇలాగే ఉందా? ఈ మూడింటితోనే పని గడిచిపోతుందని నమ్మాను. నాలుగో ప్రశ్న ఒకటి ఉందని, నేను ప్రాక్టీసు మానుకోవడానికి కొద్ది కాలం ముందు, గడ్డపోతారంలో ఒక వృద్ధురాలి జబ్బు నాకు నేర్పింది. "మీ ఇంట్లో పెంపుడు జంతువు ఉందా? దానికి ఏం పెడుతున్నారు?" అన్నదే ఆ ప్రశ్న.

ఆమెకు డెబ్బై ఏళ్లు దాటాయి. పదిహేనేళ్లుగా చక్కెర జబ్బు ఉంది. కడుపులో మంట అని రోజూ పరగడుపున ఒక గ్యాస్ మాత్ర వేసుకునేది. జ్వరం, నీళ్ల విరేచనాలతో మనవడు ఆమెను నా క్లినిక్కుకు తీసుకొచ్చాడు. నేను మూడు ప్రశ్నలూ అడిగాను. తేడాగా ఏమీ కనిపించలేదు. ఓఆర్ఎస్ తాగించమని చెప్పి, సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రలు రాసి పంపాను. మూడో రోజున మనవడు ఆమెను ఆటోలో పడుకోబెట్టి తెచ్చాడు. జ్వరం తగ్గలేదు, రక్తపోటు పడిపోయింది, పిలిస్తే పలకడం లేదు. వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపాను. అక్కడ రక్తాన్ని కల్చర్ చేస్తే సాల్మొనెల్లా అనే బాక్టీరియా పెరిగింది. టైఫాయిడ్ కలిగించే రకం కాదు, మాంసం, గుడ్ల ద్వారా సంక్రమించే రకం. నేను రాసిన మాత్రకు అది లొంగదని నివేదికలో స్పష్టంగా ఉంది. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు రెండు వారాలు ఇచ్చాక ఆమె ఇంటికి చేరింది.

ఆ తరువాత ఒక సాయంత్రం ఆమెను చూడడానికి వాళ్ల ఇంటికి వెళ్లాను. మంచం మీద, ఆమె కాళ్ల దగ్గర, బలిసిన తెల్ల పిల్లి ఒకటి ముడుచుకుని పడుకుని ఉంది.

"దీనికి ఏం పెడుతున్నారు బాబూ?" అని మనవణ్ణి అడిగాను.

"పచ్చి చికెనే సార్. ఉడికించింది పెడితే వాటికి మంచిది కాదంట. మా అన్న డల్లాస్‌ల ఫెర్రెట్లను సాదుతుండు. వాటికి పచ్చి మాంసం, లేకుంటే ఫ్రీజ్ డ్రై చేసిన మాంసమే పెడ్తడు. పిల్లి గూడ అట్లాంటిదే అని చెప్పిండు."

"మరి ఆ గిన్నె ఎవరు కడుగుతారు?"

"నాయనమ్మనే సార్. బియ్యం కడిగే సింకులనే."

ఆ జవాబు విన్నాక నాకు కాసేపు నోట మాట రాలేదు.

ఒక విషయం ముందే చెప్పాలి. ఆమెకు వచ్చిన సాల్మొనెల్లా పిల్లి గిన్నె నుంచే వచ్చిందని నేను రుజువు చేయలేను. పిల్లి మలాన్ని గానీ, దుకాణపు మాంసాన్ని గానీ ఎవరూ పరీక్షించలేదు. అయినా ఆ ఇంట్లో దారి తెరిచే ఉంది. ఆ దారి మీ ఇంట్లోనూ తెరిచి ఉందేమో చూసుకోమని చెప్పడానికే ఈ వ్యాసం.

అన్న చెప్పినదాంట్లో నిజమెంత?

ఫెర్రెట్ పేరు మీలో చాలామంది విని ఉండరు. చూడడానికి మన ముంగిసను తలపించే, పొడుగాటి ఒళ్లున్న చిన్న జంతువు. కానీ ముంగిస జాతి కాదు, నీటికుక్క కుటుంబానికి చెందినది. ఐరోపాలో కుందేళ్ల వేట కోసం దీన్ని శతాబ్దాలుగా పెంచారు. నేడు అమెరికాలో పలువురికి ఇది ముద్దుల పెంపుడు జంతువు.

ఫెర్రెట్, పిల్లి రెండూ సంపూర్ణ మాంసాహారులు. మాంసం వాటికి రుచి కోసం కాదు, ప్రాణం నిలవడానికే అవసరం. ఫెర్రెట్ పేగు చాలా పొట్టిది. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. అన్నం, రొట్టె వంటి పిండి పదార్థాలను దాని శరీరం సరిగా వాడుకోలేదు. పిల్లికి టారిన్ అనే పోషకం ఆహారం నుంచే అందాలి. అది లోపిస్తే గుండె కండరం బలహీనపడుతుంది, కంటి చూపు పోతుంది. కాబట్టి పిల్లికి పాలన్నం పెట్టి పెంచుతున్నవారి కంటే ఆ డల్లాస్ అన్నే శాస్త్రానికి దగ్గరగా ఉన్నాడు. పొరపాటు మాంసం పెట్టడంలో లేదు, పచ్చిగా పెట్టడంలో ఉంది.

"అడవిలో పిల్లికి ఎవరు వండిపెడుతున్నారు?" అని మీరు అడగవచ్చు. అడవిపిల్లి అప్పుడే చంపిన ఎలుకను అక్కడికక్కడే తింటుంది. మన చికెన్ సెంటర్లో కోడి ఈకలు పీకే డ్రమ్ములో తిరిగి, వంద కోళ్లను కోసిన మొద్దు మీద నరికించుకుని, ఎండలో సంచిలో ఇంటికి వస్తుంది. ఒక్క కోడి పేగులోని క్రిమి ఈ ప్రయాణంలో పది కోళ్లకు అంటుతుంది. పైగా అడవిపిల్లి మన మంచం మీద పడుకోదు.

మరో ముఖ్యమైన సంగతి ఉంది. పచ్చి మాంసం తిన్న పిల్లి చాలాసార్లు హుషారుగానే ఉంటుంది. జబ్బు లక్షణాలు లేకుండానే వారాల తరబడి సాల్మొనెల్లాను మలంలో విసర్జిస్తుంది. తన ఒంటిని తానే నాకుతుంది కాబట్టి క్రిమి బొచ్చుకూ అంటుతుంది. "మా పిల్లికి ఏమీ కాలేదు కదా" అన్న ధీమా అందుకే పనికిరాదు. జబ్బు పడేది ఇంట్లోని బలహీనులు. ముసలివారు, పసిపిల్లలు, గర్భిణులు, చక్కెర జబ్బు ఉన్నవారు, కీమోథెరపీ పొందుతున్నవారు ఈ కోవలోకి వస్తారు. మన కడుపులోని ఆమ్లం క్రిములకు మొదటి కాపలాదారు. గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునేవారిలో ఆ కాపలా సడలుతుంది. ఆ వృద్ధురాలికి వయసు, చక్కెర, గ్యాస్ మాత్ర మూడూ తోడయ్యాయి.

ఆరబెట్టినంత మాత్రాన క్రిమి చావదు

"పచ్చిది మానేసి ఫ్రీజ్ డ్రై చేసిన పొట్లం తెప్పిస్తా సార్" అన్నాడు మనవడు. అతను పక్కనే ఒక మందుల కర్మాగారంలో కెమిస్టు. "మా కంపెనీలోనూ లయోఫిలైజర్ ఉంది. దాంట్లో ఆరబెట్టిన ఇంజెక్షన్ పొడి స్టెరైల్ కదా?" అని వాదించాడు.

చదువుకున్న మనిషి అడిగిన మంచి ప్రశ్న ఇది. జవాబూ అతని వృత్తిలోనే ఉంది. ఇంజెక్షన్ పొడి క్రిమిరహితంగా ఉండడానికి కారణం ఆరబెట్టడం కాదు. ఆరబెట్టే ముందే ద్రావణాన్ని అతి సన్నని రంధ్రాల వడపోత గుండా పంపి, క్రిమిరహితమైన గదిలో సీసాలకు నింపుతారు. లయోఫిలైజర్ చేసేది గడ్డకట్టిన నీటిని శూన్యంలో ఆవిరిగా లాగివేయడం మాత్రమే. నిజానికి ప్రయోగశాలల్లో బాక్టీరియాను ఏళ్ల తరబడి సజీవంగా దాచిపెట్టడానికి వాడే పద్ధతి ఇదే. క్రిమి నిద్రపోతుంది, నీరు తగలగానే లేస్తుంది. ఆ పొడి ముక్కను గోరువెచ్చని నీటిలో నానబెట్టి గిన్నెలో వేయడమంటే దాన్ని నిద్ర లేపడమే. డీప్ ఫ్రీజర్‌దీ ఇదే కథ. కొన్ని పరాన్నజీవులు చలికి చస్తాయి గానీ బాక్టీరియా, వైరసులు చాలామటుకు తట్టుకుంటాయి.

2018లో నెదర్లాండ్స్ పరిశోధకులు అక్కడి దుకాణాల్లో అమ్మే 35 రకాల గడ్డకట్టిన పచ్చిమాంసపు పెంపుడు జంతువుల ఆహారాలను పరీక్షించారు. 7 రకాల్లో సాల్మొనెల్లా, 19 రకాల్లో లిస్టీరియా కనిపించాయి. వాటికంటే నన్ను కలవరపెట్టిన అంకె మరొకటి. 28 రకాల్లో, అంటే నూటికి 80 వంతుల్లో, ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను నిర్వీర్యం చేసే ఎంజైములున్న ఈ. కోలై బాక్టీరియా దొరికింది. శుభ్రతా నియమాలు కఠినంగా ఉన్న దేశంలోనే పరిస్థితి ఇది.

మందులు తయారయ్యే చోటే మందు పనిచేయకపోతే

ఈ కథ గడ్డపోతారంలో జరగడం నా మనసును మరింత కలచివేసింది. గడ్డపోతారం, కాజీపల్లి, బొల్లారం, పటాన్‌చెరు అంటే దేశానికీ ప్రపంచానికీ మందులు వండే వంటిల్లు. ఈ ప్రాంతపు నీటి గురించి పటాన్‌చెరులో వైద్యం చేస్తూనే దశాబ్దాల పాటు గొంతెత్తిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారిని మా తరం వైద్యులెవరూ మరచిపోలేరు.

2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరులో, సుమారు 90 మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. 2014లో వెలువడిన మరో పరిశోధనలో, కాజీపల్లి చెరువులో మందులకు లొంగని లక్షణాన్నిచ్చే జన్యువులు స్వీడన్‌లోని ఒక చెరువుతో పోలిస్తే సుమారు 7000 రెట్లు అధికంగా ఉన్నాయని తేలింది.

ఆ వృద్ధురాలి ఒంట్లోని క్రిమికి చెరువుతో సంబంధం ఉందని నేను అనడం లేదు. కోళ్ల పెంపకంలో యాంటీబయాటిక్‌ల వాడకం దానికి వేరే దారి. ఆఖరి అస్త్రంగా దాచుకోవలసిన కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా మన ప్రభుత్వం 2019లో నిషేధించవలసి వచ్చింది. ఇక మూడో దారి నా కలమే. ప్రతి విరేచనానికీ ఆలోచించకుండా సిప్రోఫ్లాక్సాసిన్ రాసిన వైద్యులలో నేనూ ఒకణ్ణి. చాలా విరేచనాలు ఓఆర్ఎస్‌తోనే తగ్గుతాయని తెలిసీ రాశాను. చెరువు, కోళ్లఫారం, క్లినిక్ మూడూ కలిసి ఆ మందు పదును పోగొట్టాయి. అందులో నా వాటా నేను ఒప్పుకోవాలి.

బర్డ్ ఫ్లూ నేర్పిన పాఠం

ఆ తరువాత ప్రమాదం మరో రూపంలో వచ్చింది. 2024 డిసెంబరులో నాగపూర్‌లోని గోరెవాడ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూతో మరణించాయి. అదే నెలలో అమెరికాలోని ఓరెగాన్‌లో పచ్చి టర్కీ మాంసపు ఆహారం తిన్న పెంపుడు పిల్లి అదే వైరసుతో చనిపోతే, ఆ ఆహారాన్ని మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు. 2025 ఆరంభంలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులలో ఈ వైరసు బయటపడింది. ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాలు దెబ్బతిన్నాయి. మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పసిపాప ఈ జబ్బుతోనే కన్నుమూసింది. కొన్ని రోజుల ముందు పాపకు చిన్న పచ్చి చికెన్ ముక్క ఇచ్చామని తల్లిదండ్రులు చెప్పినట్లు పత్రికలన్నీ రాశాయి. ఉడికించిన మాంసంలో ఈ వైరసు బతకదు.

ఫెర్రెట్‌కూ ఫ్లూకూ పాత చుట్టరికమే ఉంది. 1933లో లండన్‌లో మనుషుల ఇన్‌ఫ్లుయెంజా వైరసును మొదటిసారి వేరుచేసింది ఫెర్రెట్ల సాయంతోనే. ఫెర్రెట్ నుంచి పరిశోధకుడికి ఫ్లూ సోకిన సంఘటనను 1936లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. ఈనాటికీ ఫ్లూ పరిశోధనలో మొదట గుర్తొచ్చే జంతువు అదే. అలాంటి ప్రాణికి పచ్చి కోడిమాంసం పెట్టి, ముఖానికి ముఖం ఆనించి ముద్దాడడం ఎంతవరకు క్షేమమో మీరే ఆలోచించండి.

మరి ఏం చేయాలి?

జంతువును వదిలేయమని నేను చెప్పను. ఆ వృద్ధురాలికి మాటలాడే తోడు ఆ పిల్లే. మనవడికి నేను చెప్పిన జాగ్రత్తలు మీకూ చెబుతాను.

1. మాంసాన్ని లోపలి ఎరుపు పూర్తిగా పోయేదాకా ఉడికించి పెట్టండి. ఉప్పు, కారం, మసాలా వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి.

2. టారిన్ కొంత ఉడికించిన నీటిలోకి దిగుతుంది. ఆ నీటిని పారబోయకుండా చల్లార్చి మాంసంతో కలిపి ఇవ్వండి.

3. ఉడికిన ఎముకలు పెట్టకండి. అవి చీలి పేగులకు గుచ్చుకుంటాయి. అయితే ఎముక లేని మాంసం ఒక్కటే పెడితే కాల్షియం చాలదు, పిల్లికూనల ఎముకలు విరుగుతాయి. రోజూ కాలేయమే పెడితే విటమిన్ 'ఏ' ఎక్కువై కీళ్లు బిగుసుకుంటాయి. అందుకే సమతూకంగా తయారైన పిల్లి ఆహారాన్ని ప్రధానంగా వాడి, ఉడికించిన మాంసాన్ని తోడుగా ఇవ్వడం మేలు. మోతాదు పశువైద్యుణ్ణి అడగండి.

4. జంతువు గిన్నెను వంటగది సింకులో కడగకండి. వేరే చోట, వేరే పీచుతో కడగండి. ఆ పని ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవారు చేయాలి. తరువాత చేతులు సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్దుకోవాలి.

5. పిల్లి మలాన్ని ఏ రోజుకారోజు తీసివేయండి. అందులోని టాక్సోప్లాస్మా పరాన్నజీవి అంటుకునే దశకు రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. గర్భిణులు ఈ పనికి దూరంగా ఉండాలి.

6. మీకు జ్వరంతో కూడిన విరేచనాలు వస్తే, వైద్యుడు అడగకపోయినా ఇంట్లో జంతువు ఉందని, దానికి ఏం పెడుతున్నారో చెప్పండి. మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలను సొంతంగా వేసుకోకండి.

మరోసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు పెరట్లో కుళాయి దగ్గర పిల్లి గిన్నె వేరుగా బోర్లించి ఉంది. వృద్ధురాలు నన్ను చూసి నవ్వి, "సారూ, ఇప్పుడు దీనికి గూడ నాతోటే ఉడకబెట్టి పెడ్తున్నరు. ఇద్దరికీ ఉప్పు లేదు, కారం లేదు" అంది. పిల్లి మాత్రం నన్ను చూసి మొహం తిప్పుకుంది. దాని కోపం న్యాయమైనదే గానీ, నేను దాని నాయనమ్మ వైద్యుణ్ణి.

ఈ రాత్రి పడుకునే ముందు ఒక్కసారి మీ వంటగదిలోకి వెళ్లి చూడండి. మీ పిల్లి గిన్నె, మీ కుక్క గిన్నె ఎక్కడ ఉంది?

ఆరోగ్యంగా ఉండండి.