జున్నుపాలు, దశాహం, ఒక పోర్చుగీసు భక్ష్యం



విదేశీయమైన భక్ష్యం భగవన్నివేదనకు అర్హమా అని కొందరు జిజ్ఞాసువులు అప్పుడప్పుడు ప్రశ్నిస్తుంటారు. దీనికి సమాధానం మన పులిహోరలోనే ఉన్నది. అందులోని ఎండుమిరప, చక్రపొంగలిలోని జీడిపప్పు, రెండూ అమెరికా ఖండంలో పుట్టి పోర్చుగీసువారి ఓడలలో మన తీరానికి చేరినవే. అంతకు పూర్వం మన వంటలలో కారానికి మిరియమే ఆధారం. గుంటూరు మిరప లేని ప్రసాదాన్ని నేడు ఊహించలేము. కనుక జన్మదేశం దోషహేతువు కాదు. ఆ ద్రవ్యం ఏమిటి, ఎవరి భాగం నుండి తీసినది అన్నదే విచార్యం. ఈ విచారం ఇటీవల మా వంటయింట్లోనే తలెత్తినది.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి సెలవులకు విజయవాడ వచ్చి, ‘పాస్తెల్ ద నాత’ అనే పోర్చుగీసు భక్ష్యాన్ని ఇంట్లో చేస్తానన్నది. పొరలు పొరలుగా ఉండే చిన్న పిండిగిన్నెలో మీగడవంటి తీపి ముద్ద పోసి, తీవ్రమైన వేడిలో పైన నల్లని మచ్చలు పడేవరకు కాలుస్తారు. లిస్బన్ నగరంలోని బెలెం ప్రాంతంలో, జెరోనిమోస్ మఠంలోని సన్న్యాసులు దీనిని చేసేవారట. గుడ్డులోని తెల్లసొనను వస్త్రాలకు గంజిగా వాడి, మిగిలిన పచ్చసొనతో మిఠాయిలు చేసేవారని ప్రసిద్ధి. 1834లో ఆ దేశంలో మఠాలు రద్దయినవి. 1837లో మఠసమీపంలోని అంగడిలో ఈ భక్ష్యం విక్రయానికి వచ్చినది. 1987 చట్టంతో మిరాశీలు రద్దయిన కాలాన్ని చూచిన అర్చక కుటుంబాలకు ఈ కథ అంత అపరిచితం కాదు.

పిండిగిన్నె విషయంలో చిక్కు లేదు. అది మన తాపేశ్వరం మడతకాజాకు సహోదరమే. పిండిని పలుచగా ఒత్తి, నెయ్యి రాసి, చాపవలె చుట్టి, ముక్కలుగా కోయడం రెండింటికీ సమానం. కాజాను అదిమి వేయించి పాకంలో ముంచుతాము; వారు ఆ ముక్కను అచ్చులో పరచి ఓవెన్‌లో కాలుస్తారు. లోపలి ముద్దకు కూడా దాల్చినచెక్క, నిమ్మతొక్క వేసిన పాకమే ఆధారం. చిక్కంతా గుడ్డుతోనే. అది మా గృహంలో ప్రవేశించదు.

ఆ మరునాడే కంకిపాడు సమీప గ్రామం నుండి ఒక రైతు జున్నుపాలు తెచ్చి ఇచ్చాడు. గేదె ఈని రెండు రోజులు. వరికోతల తరువాత పిల్లిపెసర, జనుము మేసిన డెల్టా గేదెల పాలు ఎంత చిక్కనివో మీకు తెలిసినదే. మా అమ్మాయి ఆ చెంబు చూచి, “నాన్నగారూ, జున్ను తనంతట తానే గట్టిపడుతుంది కదా! జున్నుపాలు దొరకనివారు గుడ్డు కొట్టి జున్ను చేస్తారు. గుడ్డుకు బదులు ఇదే పోస్తే దోషమేమి?” అన్నది.

పాకశాస్త్రరీత్యా ఆమె మాట సత్యం. అయితే మనుస్మృతి పంచమాధ్యాయం ఈని పది దినాలు గడవని గోవు పాలను వర్జించమన్నది. గౌతమ ధర్మసూత్రాలు ఆ నిషేధాన్ని మేకకూ గేదెకూ విస్తరించినవి. కనుక ‘ఇది గేదె పాలు’ అని తప్పించుకొనే మార్గం లేదు. మరి ఆంధ్రదేశంలో ఆచారవంతుల ఇళ్లలో కూడా జున్ను ప్రీతిపాత్రమే. దేశాచారమని సమర్థిస్తారు. శ్రుతి, స్మృతి, ఆచారాలలో విరోధం వచ్చినప్పుడు ముందున్నదే బలవత్తరమని మీమాంసకుల నిర్ణయం.

“అయితే దూడ కోసమే కదా ఈ నియమం? దూడ కడుపునిండా తాగిన తరువాత మిగిలినదైతే?” అని మా అమ్మాయి తిరిగి అడిగినది. మంచి ప్రశ్న. పశువైద్యులు చెప్పేది ఇది: మనుష్యశిశువు వలె కాక, ఆవు, గేదె దూడలకు గర్భంలో ఉండగా తల్లి నుండి రోగనిరోధకాలు చేరవు. పుట్టిన తరువాత తొలిపాల ద్వారానే పొందాలి. వాటిని యథాతథంగా గ్రహించే శక్తి దూడ ప్రేగులకు సుమారు 24 గంటలే ఉంటుంది. సాధారణ ఆవుపాలలో మాంసకృత్తులు 3 నుండి 4 శాతం. తొలి పితుకులో సుమారు 14 శాతం. వాటిలో పెద్ద భాగం ఆ నిరోధకాలే, వేడికి గడ్డకట్టేవాటిలో ముఖ్యమైనవీ అవే. అనగా జున్నును జున్నుగా చేసే ద్రవ్యమూ, దూడకు కవచమైన ద్రవ్యమూ ఒక్కటే. ఇది విన్న తరువాత ఆ చెంబును నేను వేరుగా చూచాను.

అయినా శాస్త్రవాక్యాన్ని విజ్ఞానంతో సమర్థించి అక్కడితో తృప్తిపడేవారితో నాకు పేచీ ఉన్నది. నాలుగైదు దినాలకే పాలు సాధారణస్థితికి వస్తాయి, కాచినా గట్టిపడవు. మరి స్మృతి పది దినాలన్నదేమి? దూడ ఆకలి ఒక్కటే కారణమైతే అది దృష్టార్థం. మిగిలిన దినాలకు అది చాలదు. ప్రసవించిన తల్లికి మన ఇళ్లలో పురుడు పాటించినట్లే ఆ పశువుకూ పది దినాల సూతకమున్నదని అంగీకరించవలసి ఉంటుంది. కనుక నేను జున్నును నివేదించను, భుజించను. భుజించేవారిని నిందించడం నా పని కాదు. అయితే దూడకు తొలిపూట పాలు విడవక పితికినవారిని మాత్రం నిలదీస్తాను. మాకు పాలు తెచ్చిన రైతు దూడను విడిచిన తరువాతనే పితికానన్నాడు. ఆ చెంబు పొరుగువారింటికి వెళ్లినది.

భక్ష్యం మాత్రం ఆగలేదు. బెలెంలో ఆ అంగడి మొదలైన 1837లోనే, ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఔషధవిక్రేత, గుడ్డు పడని తన భార్య కోసం మొక్కజొన్న పిండితో కస్టర్డ్ పొడి కల్పించాడు. మేము అదే మార్గం పట్టాము. అర లీటరు పాలు, 40 గ్రాముల మొక్కజొన్న పిండి, 50 గ్రాముల కోవా, 125 గ్రాముల పంచదారతో తీగపాకం. పిండిగిన్నెలకు 200 గ్రాముల మైదా, 100 గ్రాముల నెయ్యి. ఓవెన్‌ను 250 డిగ్రీలకు ముందే వేడిచేసి ఇరవై నిమిషాలు. గుడ్డు లేనందున నల్లమచ్చలు తక్కువగానే పడినవి. కోవా వలన కొంత ఎరుపు వచ్చినది. నిమ్మతొక్క ఇంకా తగ్గించవచ్చునని మా ఆవిడ అభిప్రాయం. పన్నెండు వచ్చినవి. సాయంకాలం గృహార్చనలో వాటిని నివేదించాము. ఆలయంలో యథాప్రకారం దద్ధ్యోదనమే.